సెప్టిక్ ట్యాంకర్ లోడు: మ్యాన్‌హోల్‌లో ఎందుకు వద్దు, గేటు దగ్గర ఎందుకు తిప్పి పంపుతారు

హైదరాబాద్ శివార్లలోని బోడుప్పల్ వైపు కొత్తగా సెప్టిక్ ట్యాంకర్ నడుపుతున్న ఒకాయన రెండు ప్రశ్నలు అడిగారు. మురుగుశుద్ధి కేంద్రానికి తీసుకెళ్లిన లోడును గేటు దగ్గరే వెనక్కి పంపేశారట. అందులో రెండు ఇళ్ల సెప్టిక్ ట్యాంకులతో పాటు ఒక ఫంక్షన్ హాలు వెనుక గుంత కూడా ఉంది. తప్పెక్కడ జరిగిందన్నది మొదటి ప్రశ్న. కాలనీ మ్యాన్‌హోల్‌లో పోసినా అది చివరికి ఆ కేంద్రానికే చేరుతుంది కదా, డీజిలు తగలేసుకుని అంత దూరం ఎందుకు పోవాలన్నది రెండోది.

రెండోదే ముందు తీసుకుంటాను. దానికి జవాబు దొరికితే మొదటిదానికి సగం దొరికినట్టే. శుద్ధి కేంద్రంలో ట్యాంకర్లు దించుకునే చోట చాలా ఏళ్లు షిఫ్టులు చూసినవాణ్ణి. "సార్, మీ దగ్గర పోసినా అవే నీళ్లు, అక్కడ పోసినా అవే నీళ్లు" అన్న మాట ఎందరి నోట విన్నానో లెక్కలేదు. నీళ్లు అవే, కాదనను. ఎంత చిక్కగా ఉన్నాయి, ఎంత వేగంగా వచ్చి పడుతున్నాయి, లోపల ఏం కలిసి ఉంది అన్నవి కేంద్రంలో ఉన్నవాడికి తెలుస్తాయా లేదా అన్నదే అసలు సంగతి.

ఒక చిన్న లెక్క వేద్దాం. మురుగు బలాన్ని మేము బీఓడీతో కొలుస్తాం. అందులోని మలినాన్ని తినేయడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. ఇళ్ల నుంచి డ్రైనేజీ లైనులో వచ్చే మురుగులో అది లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు. సెప్టిక్ ట్యాంకులో రెండు మూడేళ్లు నిల్వ ఉన్న మడ్డిలో వేలల్లో ఉంటుంది. ఒక ఇంటి ట్యాంకుకూ ఇంకో ఇంటి ట్యాంకుకూ పొంతన ఉండదు గానీ, లెక్క కోసం 6,000 అనుకుందాం. అప్పుడు మీ 5,000 లీటర్ల ట్యాంకర్‌లో 30 కిలోల బీఓడీ ఉన్నట్టు. మామూలు డ్రైనేజీ నీటిలో ఆ 30 కిలోలు రావాలంటే 1,20,000 లీటర్లు రావాలి. మీ బండి వెనుక కనిపించని ట్యాంకర్లు ఇంకో ఇరవై మూడు వరుసగా నిలబడి ఉన్నాయన్నమాట.

ఇప్పుడు వేగం సంగతి చూడండి. ఉప్పల్ దగ్గర నల్లచెరువు పాత కేంద్రం సామర్థ్యం రోజుకు 3 కోట్ల లీటర్లు. నిమిషానికి దాదాపు 21,000 లీటర్లు, వాటితో పాటు అయిదు కిలోల పైచిలుకు బీఓడీ. అంత పెద్ద కేంద్రం ముఖద్వారంలో మీరు వాల్వు పూర్తిగా తిప్పి పది నిమిషాల్లో బండి ఖాళీ చేశారనుకోండి, నిమిషానికి మూడు కిలోలు అదనంగా పడతాయి. ఆ పది నిమిషాలూ కేంద్రం మీది భారం సగానికి పైగా పెరిగిపోతుంది. అదే లోడును ఆరు గంటలు సన్నగా వదిలితే పెరుగుదల రెండు శాతం కూడా ఉండదు. బండి అదే, సరుకూ అదే. అంబర్‌పేటలాగా రోజుకు 33.9 కోట్ల లీటర్ల కేంద్రానికి ఒక్క బండి ఆనదు కదా అంటారేమో. ఆనదు. కానీ పొద్దున పూట ఒక్క బండి ఎక్కడొస్తుంది? వరుసగా వస్తాయి.

లోడు దించుకునే చోట నిల్వ తొట్టి కట్టేది ఇందుకే. మీ బండి పది నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది, మీరు వెళ్లిపోతారు. తొట్టిలోది అడుగున పేరుకోకుండా కలుపుతూ, పంపుతో కొద్దికొద్దిగా ప్రధాన ప్రవాహంలోకి వదులుతారు. ఉదయం ఏడు నుంచి పది వరకు ఊరంతా స్నానాలు, వంటలు, బట్టల ఉతుకులు కాబట్టి మురుగు ఉధృతంగా వస్తుంది. ఆ సమయంలో తొట్టి పంపు ఆపి, భారం తగ్గాక నడుపుతారు. కొన్ని చోట్ల నీటి భాగాన్ని వేరు చేసి దాన్ని మాత్రమే ప్రవాహంలో కలిపి, చిక్కటి మడ్డిని నేరుగా కేంద్రపు సొంత మడ్డి శుద్ధి వైపు పంపుతారు. మ్యాన్‌హోల్‌లో పోసినప్పుడు ఈ సర్దుబాటు చేసేవాడు ఎవడూ ఉండడు.

అసలు కాలనీ మ్యాన్‌హోల్ నుంచి అది కేంద్రం దాకా చేరుతుందన్న నమ్మకం ఏమిటి? డ్రైనేజీ పైపులు నీళ్లు కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారేలా వాలు పెట్టి వేస్తారు. ఆ వేగం ఉంటేనే ఇసుక, మడ్డి అడుగున కూర్చోకుండా కొట్టుకుపోతాయి. కాలనీ చివరి వీధిలో, మధ్యాహ్నం పూట, ఆ పైపులో నీళ్లు అరచేతి లోతు కూడా ఉండవు. అందులో మీరు ఇసుక, గుడ్డపీలికలు, ప్యాడ్లు కలిసిన 5,000 లీటర్ల మడ్డి కుమ్మరిస్తే పైన నీరు పోతుంది, కిందిది అక్కడే కూర్చుంటుంది. వారం తిరగకుండా ఎవరి ఇంటి ముందో మురుగు పొంగుతుంది. అది తీయడానికి వచ్చిన మనిషి మూత ఎత్తేసరికి మీరు పోసిన మడ్డి నుంచి పుట్టిన గ్యాసు కింద ఎదురుచూస్తూ ఉంటుంది.

పైగా అది డ్రైనేజీ మ్యాన్‌హోలా, వాననీటి కాలువ మూతా అని పైనుంచి చూసి చెప్పడం కష్టం. వాననీటి లైను అయితే నేరుగా నాలాకు, నాలా నుంచి చెరువుకో మూసీకో వెళ్తుంది. మన నగరంలో శుద్ధి కేంద్రం మొహం చూడకుండా నాలాలోకి పోయే లైన్లకూ కొదవ లేదు. మూసీ దిగువన పీర్జాదిగూడ దాటాక ఆ నీటితోనే గడ్డి పెంచుతారు, వరి వేస్తారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు పొద్దున్నే తిరిగి నగరానికే వస్తాయి. నాలాలో గానీ, మురుగు కాలువలో గానీ, నేల మీద గానీ కలుషిత పదార్థాన్ని ఇలా వదలడాన్ని 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తోంది. "అందరూ పోస్తున్నారు" అన్నది ఆ సెక్షన్‌కు జవాబు కాదు.

రైతు అడిగాడని పొలంలో పోసే అలవాటు కూడా ఉంది, ముఖ్యంగా ఔటర్ రింగ్ రోడ్డు అవతల. ఎరువే కదా అనుకుంటారు. ఎరువే, కానీ పచ్చిది. అందులోని నులిపురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. శుద్ధి చేసి, ఎండబెట్టి, పరీక్షించిన మడ్డి వేరు, బండిలోంచి తిన్నగా ఆకుకూరల మడిలోకి దించేది వేరు.

ఇక మీ లోడు ఎందుకు తిరిగి వచ్చిందో చూద్దాం. గేటు దగ్గర జరిగేది వరుసగా చెబితే మీకే తెలిసిపోతుంది. ముందు కాగితం: బండి నంబరు, లైసెన్సు, ఏ చిరునామాలో తీశారు, ఇల్లా, అపార్ట్‌మెంటా, వాణిజ్య స్థలమా, ఎన్ని లీటర్లు. తర్వాత నమూనా. కొన్ని చోట్ల ఆమ్లత్వం కొలిచే మీటరు పైపుకే బిగించి ఉంటుంది. అది ఉన్నా లేకపోయినా తెలిసిన ఆపరేటరు మాత్రం బండి పై మూత తీయించి, తాడు కట్టిన సీసా లోపలికి దించి, కాస్త పైనుంచీ కాస్త అడుగు నుంచీ తీసి వెలుతురుకు పట్టి చూస్తాడు. ఇళ్ల సెప్టిక్ ట్యాంకు సరుకైతే నలుపు, లేదా నల్లటి బూడిద రంగు. కాసేపు కదలకుండా పెడితే మడ్డి కిందికి దిగి పైన మసక నీరు తేలుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అది మామూలే. థిన్నరు వాసన గానీ, పెట్రోలు వాసన గానీ వస్తే అనుమానం. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలితే ఏదో గ్యారేజీ ఇంజిన్ ఆయిలు. నీలి రంగు ఉంటే తాత్కాలిక మరుగుదొడ్లలో వేసే మందు. పాలలా తెల్లగా ఉండి పరీక్ష కాగితం ముదురు నీలంగా మారితే సిమెంటు కడిగిన నీళ్లు, దాని క్షారం సూక్ష్మజీవులను బతకనివ్వదు. పచ్చగా గానీ నారింజ రంగుగా గానీ కనిపించి, మరీ ఏ వాసనా లేకపోతే నేనైతే వెంటనే పక్కకు పెట్టిస్తాను. కుళ్లిన వాసన లేని మలవ్యర్థం ఉండదు. లోపల కుళ్లబెట్టే జీవాలను ఏదో చంపేసిందని దాని అర్థం.

మీ ఫంక్షన్ హాలు గుంత మరుగుదొడ్లది కాదు, వంటింటి జిడ్డు పట్టే గుంత అయి ఉంటుందని నా అంచనా. సీసాలో పైన తెల్లటి గడ్డలు, మీగడలాంటి పొర తేలితే అదే. జిడ్డు వేడిగా ఉన్నప్పుడు నీళ్లలాగే పోతుంది, తొట్టిలో చల్లారాక గట్టిపడి జాలీలకు, పంపులకు, తేలే స్విచ్‌లకు పట్టుకుంటుంది. గాలి లేకుండా పనిచేసే కేంద్రాల్లో మరీ ఇబ్బంది. అక్కడ మడ్డి దుప్పటిలా అడుగున ఉండి మురుగును శుద్ధి చేస్తుంది. జిడ్డు ఆ మడ్డి రేణువులకు అంటుకుంటే అవి తేలికై పైకి లేచి శుద్ధి అయిన నీటితో పాటు బయటికి కొట్టుకుపోతాయి. కొత్త మడ్డి పెరగడానికి వారాలు పడుతుంది.

ఇందులో మీకు నష్టం కలిగించింది జిడ్డు కంటే కలపడం. రెండు ఇళ్ల సరుకు మామూలుగా దిగిపోయేదే. వాటి మీద జిడ్డు పోయడం వల్ల మొత్తం బండి చెడింది. ఒక లోడుకు ఒకే రకం, వీలైతే ఒకే చిరునామా. డీజిలు మిగులుతుందని సగం సగం నింపుకోవడం ఈ వృత్తిలో అన్నిటికంటే ఖరీదైన పొదుపు. జిడ్డు గుంతను ఒప్పుకునే ముందే కేంద్రానికి ఫోను చేసి దించుకుంటారా అని అడగండి. వాళ్లు దించుకోం అంటే దాన్ని వదిలించుకునే ఏర్పాటు హాలు యజమానే చూసుకోవాలి, ఆ పని ఒప్పుకోకండి.

ట్యాంకు మూత ఎత్తక ముందే ఇంటివాళ్లను అడగాల్సిన సంగతి ఒకటుంది: ఈ పైపులో ఇంకేం పోతాయి? మన నగరంలో ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. పాతబస్తీలో వెనుక గదిలో నగలకు మెరుగు పెట్టే ఇళ్లున్నాయి, అక్కడ యాసిడ్లు వాడతారు. బాలానగర్, కాటేదాన్, జీడిమెట్ల వైపు కింద చిన్న వర్క్‌షాపు, పైన కాపురం ఉండే కట్టడాలకు కొదవ లేదు. లోహానికి పూత పూసే పని జరిగితే క్రోమియం, నికెల్ వంటివి ఆ ట్యాంకులోకే దిగుతాయి. వాటిని ఏ సూక్ష్మజీవీ తినలేదు. నీటితో పోతే చెరువుకు, మడ్డిలో మిగిలితే ఆ మడ్డి ఎరువుగా పనికిరాదు. ఇంట్లో వారానికోసారి వాడే ఫినాయిలు, బాత్రూమ్ యాసిడ్ గురించి నేను పట్టించుకోను. డ్రమ్ముల లెక్కన వాడేవాళ్ల సంగతే నేను చెబుతున్నది.

రాత్రి పూట ఫోను చేసి, మామూలు ధరకు రెండు మూడు రెట్లు ఇస్తామని, గేటు లోపలికి రాకుండా గోడ పక్కనుంచి పైపు అందించే గిరాకీ ఒకటి ఎప్పుడో ఒకప్పుడు మీకు తప్పక తగులుతుంది. అది సెప్టిక్ ట్యాంకు కాదు. పరిశ్రమల వ్యర్థ జలాలకు జీడిమెట్ల, పటాన్‌చెరులలో ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వేరుగా ఉన్నాయి, వాటి పద్ధతులు, కాగితాలు వేరు. సెప్టిక్ బండిలో అది దొరికితే ఫ్యాక్టరీవాడు తప్పుకుంటాడు, నంబరు ప్లేటు మీది.

కాగితం గురించి చాలామంది విసుక్కుంటారు. దాన్ని మీ రక్షణగా చూడండి. ఎక్కడ తీశారో ఇంటి యజమాని సంతకంతో, ఎక్కడ దించారో కేంద్రం ముద్రతో ఉన్న రసీదు మీ దగ్గర ఉంటే, రేపు ఏ నాలాలోనో నురగ కనిపించి బండ్లన్నింటినీ ఆపినప్పుడు మీరు రసీదు చూపించి వెళ్లిపోతారు. చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు ఇప్పుడు దించిన రసీదు చూపిస్తేనే డబ్బు ఇస్తున్నాయి, మంచి పద్ధతి. గేటు దగ్గర తిప్పి పంపినా కారణం రాసి ఇమ్మని అడగండి. నోటిమాటగా "పో" అంటే పోయేది ఎక్కడికి? తిప్పి పంపిన లోడు ఎక్కువగా దగ్గరి నాలాకే చేరుతుంది. లోడు కాదన్న ఆపరేటరుకు అది ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పే బాధ్యత కూడా ఉందనే నేను ఎప్పుడూ వాదించాను. పై అధికారులకు నచ్చకపోయినా సరే.

ఇక దించడం. గొట్టం కప్లింగ్ బిగిసిందో లేదో చేత్తో లాగి చూసి, వాల్వు ముందు పావు వంతే తిప్పండి. మొదట రాళ్లు పట్టే పెట్టె, తర్వాత జాలీ, తర్వాత ఇసుక దిగే గది, ఆపైన నిల్వ తొట్టి. మొదటి నిమిషంలోనే జాలీ దగ్గర నిలబడి చూస్తే ఆ ఇంట్లో ఏం వాడతారో చరిత్రంతా కనిపిస్తుంది: షాంపూ పొట్లాలు, ప్యాడ్లు, కొబ్బరి పీచు, పిల్లల సాక్సు, ఒకసారి ఇత్తడి చెంబు. ఒక్కసారిగా వాల్వు తెరిస్తే ఇవన్నీ జాలీకి అడ్డంపడి మడ్డి పైకి పొంగుతుంది, మీ వెనుక వరుస మొత్తం ఆగుతుంది. అడుగున గట్టిపడి రానప్పుడు నీళ్లు కొట్టి కదపండి, డీజిలు గానీ యాసిడ్ గానీ పోసి పలుచన చేసే తెలివి చూపకండి. బండి కడగడం అక్కడే, కడిగే గచ్చు మీదే. గొట్టం చివర మూత బిగించకుండా రోడ్డెక్కితే ఉప్పల్ కూడలి దాకా మీ జాడ చుక్కలు చుక్కలుగా తెలుస్తుంది.

ఇళ్ల దగ్గర తీసేటప్పుడు అడుగంటా నాకేయకండి. అడుగున రెండు అంగుళాల మడ్డి వదిలితే కొత్తగా వచ్చేదాన్ని కుళ్లబెట్టడానికి జీవాలు సిద్ధంగా ఉంటాయి. ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులైతే వానాకాలంలో ఖాళీగా వదలొద్దు, భూగర్భ నీటి ఒత్తిడికి పైకి లేచే ప్రమాదం ఉంది, వెంటనే నీళ్లు నింపమని చెప్పండి. రెండు మూడేళ్లకోసారి తీయించాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర పొంగేదాకా ఎవరూ పిలవరు. పదేళ్లు తీయని ట్యాంకులో సరుకు తారులా ఉంటుంది, ఒకే బండికి రాదు. ఆ సంగతి ధర మాట్లాడేటప్పుడే చెప్పండి.

అలాంటి ట్యాంకు దగ్గరే మీ కుర్రాడు "కొంచెం లోపలికి దిగి కదిపి వస్తాను" అంటాడు. ఇక్కడ మాత్రం నేను మర్యాదగా మాట్లాడను. దిగనివ్వకండి. ఒక్క నిమిషానికి కూడా వద్దు, తాడు కట్టి కూడా వద్దు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే గ్యాసు హైడ్రోజన్ సల్ఫైడ్. అది తక్కువగా ఉంటే ముక్కు పసిగట్టేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు రెండు ఊపిరుల్లో పడిపోతాడు, వాణ్ణి లాగబోయినవాడు వాడి మీద పడతాడు. వార్తల్లో ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు చనిపోయారని చదివేది ఇలా జరిగిందే. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగులో చనిపోయిన వారి కుటుంబానికి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుతూ సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. చట్టం సంగతి అటుంచి, పొడవాటి గడకర్రతో, నీటి ఒత్తిడితో కదలనిదంటూ సెప్టిక్ ట్యాంకులో ఏదీ ఉండదు, ఇంకో గంట పడుతుందంతే.

మీకు దగ్గర్లో ఏ కేంద్రంలో, ఏ వేళల్లో దించుకుంటున్నారో నగర నీటి, మురుగు బోర్డు జలమండలి నంబరు 155313కు, లేదా పారిశుద్ధ్య హెల్ప్‌లైన్ 14420కు ఫోను చేసి కనుక్కోండి. తోటి డ్రైవర్లు చెప్పే వేళలు ఎప్పుడో పాతబడి ఉంటాయి. వెళ్లే ముందు ఆ కేంద్రానికి ఒక్కసారి ఊరికే, బండి లేకుండా వెళ్లి ఆపరేటరును కలవండి. ఏ కప్లింగ్ సైజు ఉంది, గొట్టం ఎంత పొడవు కావాలి, వాన పడుతున్నప్పుడు దించుకుంటారా అని అడగండి. జోరు వానలో కేంద్రానికి వచ్చే నీరే తట్టుకోలేనంత ఉంటుంది, చాలా చోట్ల ఆ గంటల్లో ట్యాంకర్లను ఆపేస్తారు. అలాంటి రోజున ఉదయం ఇంటివాళ్లకు ఫోను చేసి పని మరునాటికి మార్చుకోండి. నిండిన బండితో సాయంత్రం దాకా గేటు బయట నిలబడినవాడికే నాలా మరీ దగ్గరగా కనిపిస్తుంది.